బంగారుతీగకు వేర్లు లేవు, వేరు పుట్టించే జన్యువు మాత్రం ఉంది

బంగారుతీగ, బదనిక లాంటి పరాన్నజీవి మొక్కలు నీరు, ఆహారం పీల్చుకోవడానికి పక్క మొక్కలోకి దింపే చూషకం, అదే హాస్టోరియం, ఎలా పుట్టింది, ఒక్క జన్యువు మారితే వచ్చేస్తుందా అని అడిగారు కదా. ఒక్కదానితో రాదు. అలాగని అంతా కొత్తగా పుట్టిందీ కాదు, మొక్క దగ్గర ముందే ఉన్న సరంజామానే ఇంకో పనికి వాడుకుంది.

డిగ్రీలో ఉన్నప్పుడు బంగారుతీగ చుట్టుకున్న కాడను బ్లేడుతో అడ్డంగా పల్చగా కోసి, సాఫ్రనిన్ రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. తీగేమో మెత్తన, కాడ గట్టి, అందుకని చాలా ముక్కలు నలిగిపోయాయి. చివరికి ఒకటి కుదిరింది. తీగ పైపొర కాడకు అతుక్కుని పరుచుకుంది, దాని మధ్యలోంచి మేకులాంటిది లోపలికి దిగింది, మేకు కొసన కణాలు విడివిడిగా దారాల్లా సాగి కాడలో నీరు మోసే కణజాలాన్ని, అంటే దారువును, అందుకున్నాయి, ఎర్రగా రంగు పట్టిన నాళాలు ఈ మొక్కలోంచి ఆ మొక్కలోకి తెగకుండా సాగిపోయాయి. ఏది ఎక్కడ ఆగిందో పోల్చుకోలేకపోయాను.

ఆ మేకు మొదలయ్యేది పైపొరలో కాదు, తీగ లోపలి వల్కలంలో, అంటే పైపొర కింద ఉండే కణజాలంలో. పెద్ద వేరు నుంచి చీలే పక్క వేర్లు కూడా లోపలి నుంచే పొడుచుకొస్తాయి! అప్పట్లో ఈ పోలిక పైపైదే అనుకున్నాను. కానీ 2019లో స్ట్రైగా అనే, పంటల వేర్లను పట్టి బతికే కలుపు మొక్క జన్యుపటం వచ్చినప్పుడు, పక్క వేర్లు పుట్టేటప్పుడు పనిచేసే జన్యువులే దాని చూషకంలోనూ పనిచేస్తున్నాయని తేలింది. 2021లో బంగారుతీగ చూషకానికి కీలకమని తేలిన ఎల్‌బీడీ25 కూడా వేర్లకు సంబంధించిన జన్యువే. మొలకగా ఉన్నప్పటి చిన్న వేరు కొన్నాళ్లకే ఎండిపోయే తీగ అది, అయినా ఆ జన్యువును కాండంలో వాడుకుంటోంది. పైగా స్ట్రైగా, బంగారుతీగ దగ్గరి చుట్టాలు కావు. పూల మొక్కల్లో పరాన్నజీవనం సుమారు 12 సార్లు విడివిడిగా పుట్టింది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం పువ్వు సంగతి. స్ట్రైగా కుటుంబం మీద 2015లో వచ్చిన పరిశోధనలో, చూషకంలో పనిచేసే జన్యువులు కొన్ని వేరు నుంచి, కొన్ని పువ్వు నుంచి వచ్చినట్టు తేలింది. ఆలోచిస్తే సబబే. పుప్పొడి రేణువు నుంచి సాగే పరాగనాళం కూడా, చూషకంలాగే, పువ్వులోని కీలంలో కణాల మధ్య దారి చేసుకుంటూ లోపలికి దిగాలి కదా.

మామూలు మొక్కకూ పూర్తి పరాన్నజీవికీ మధ్య దశలు ఎలా ఉంటాయో చూడాలంటే చందనం చెట్టును గమనించండి. దానికి పచ్చని ఆకులున్నాయి, సొంత వేర్లున్నాయి, ఆ వేర్ల మీదే చూషకాలూ ఉన్నాయి. బంగారుతీగను మీరే కోసి చూస్తానంటే, చుట్టకు లోపలివైపు బుడిపెలు వరసగా ఉన్నచోట లేత కాడ ఎంచుకోండి, ముదురుదైతే బ్లేడు దిగదు.