అమెరికన్ సినిమాల్లో చూపించినట్టు టీనేజర్లు నిజంగా మాల్స్‌లోనే కాలక్షేపం చేస్తారా?

చేసేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల చేయనివ్వడం లేదు. న్యూజెర్సీలో టీనేజ్ కూతురున్న తల్లిగా చెబుతున్నాను.

1982లో వచ్చిన 'ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై'లో పిల్లలు మాల్‌లో కొనేది తక్కువ. ఒకమ్మాయి పిజ్జా షాపులో పని చేస్తుంది, ఒకబ్బాయి అక్కడి సినిమా హాల్లో ఉద్యోగి, ఇంకొకడు బ్లాకులో మ్యూజిక్ షోల టికెట్లు అమ్ముతాడు. అదీ అసలు మాల్ జీవితం. ఆ సినిమా దర్శకురాలు ఎమీ హెకర్లింగే 1995లో 'క్లూలెస్' తీసింది. అందులో హీరోయిన్‌కి మనసు బాగోకపోతే మాల్‌కి పోతుంది. డబ్బున్న పిల్ల లెండి! మనవాళ్లు అది చూసి అమెరికా పిల్లలంతా షాపింగ్ పిచ్చోళ్లని తేల్చేశారు.

మాల్ కాకపోతే ఎక్కడికెళ్తారు? మా పక్క బస్సు గంటకొకటి. 17 ఏళ్లు నిండేదాకా ఒంటరిగా కారు నడపడానికి లేదు.

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం మా అమ్మాయినీ దాని ఫ్రెండ్స్‌నీ మాల్ దగ్గర దింపి కారు తిప్పానో లేదో ఫోన్. "అమ్మా, లోపలికి రానివ్వట్లేదు." వారాంతం సాయంత్రాలు 18 లోపు వాళ్ల వెంట పెద్దవాళ్లుండాలట, తలుపు మీదే బోర్డు. "రూల్ నేను పెట్టింది కాదు మేడమ్" అన్నాడు గార్డు. చేసేది లేక నేనూ వెళ్లాను. ఫుడ్‌కోర్టులో మా అమ్మాయి గొంతు తగ్గించి, "ఆ స్తంభం అవతల కూర్చోవా, ప్లీజ్" అంది. కూర్చున్నాను. రాళ్లుప్పు అద్దిన ప్రెట్జెల్ ఒకటి కొనుక్కుని కొరుకుతుంటే, పక్క టేబుల్ దగ్గర ఎవరో నాన్న, ఆయనదీ అదే డ్యూటీ, ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. పిల్లలు ముగ్గురూ ఒక్క బోబా టీకి మూడు స్ట్రాలు వేసుకుని నవ్వుకుంటూనే ఉన్నారు. వీళ్ల వల్లా భయం?

ఎక్కడో కొందరు కొట్టుకున్నారని రూల్ పెట్టారట. కొట్టుకున్నవాళ్లను ఆపండి, కాదన్నదెవరు? 1995లోనే వచ్చిన 'మాల్‌రాట్స్'లో కుర్రాళ్లను తరిమే గార్డు కామెడీ విలన్. ఇప్పుడు గెలిచింది అతనే.

తమాషా ఏంటంటే, 14 ఏళ్లకే షాపులో ఉద్యోగం చేసుకోవచ్చని చట్టమే చెబుతుంది. మా అమ్మాయి వేసవిలో అదే మాల్ ఐస్‌క్రీమ్ షాపుకి అప్లై చేస్తుందట. జీతం ఎంతని అడగలేదు, బ్యాడ్జి ఇస్తారా అని మాత్రం కనుక్కుంది.