ముందు వాళ్లకు చూపించు

చి॥ అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పండిన కూరగాయ పొలం నుంచి పళ్లెం దాకా వచ్చేలోపు ఎక్కడెక్కడ చెత్తపాలవుతుందో డాక్యుమెంటరీ తీయడానికి ఉద్యోగానికి సెలవు పెట్టావని మీ నాన్న చెప్పినప్పుడు గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మంచి మైకు కొనుక్కో. ఫుటేజీని ఏ రోజుకారోజు రెండు డ్రైవుల్లో దాచు. ఎవరు ఏం మార్చుకోవాలని తీస్తున్నావో ముందే ఒక వాక్యంలో రాసుకో. ‘ప్రజల్లో చైతన్యం’ అని రాస్తే చించేసి మళ్లీ రాయి, ఎందుకంటే ఫలానా సైజు లేని కాయను వెనక్కి పంపమన్న షరతు ప్రజలు పెట్టింది కాదు, టోకున కొనేవాళ్లు పెట్టింది.

నా భయం వేరు. చాలా ఏళ్ల క్రితం నేను తీసిన డాక్యుమెంటరీలో, కాయల్ని సైజూ ఆకారమూ చూసి వేరుచేసే ఒక గ్రేడింగ్ షెడ్డులో పనిచేసే ఆవిడ, వంకర తిరిగిన కాయల్ని రుచిలో ఏ లోపమూ లేకపోయినా ఎలా పారబోయిస్తారో కెమెరా ముందు చెప్పింది. తీసుకోమని ఆవిడే అన్నది, సంతకమూ పెట్టింది, అది చాలనుకున్నాను. అరగంట మాటల్లోంచి షెడ్డు యజమాని మీద కోపంగా వినిపించే నలభై సెకన్లు ఏరుకుని, ఆయన కూడా కొనేవాళ్ల షరతుకు లోబడినవాడేనని ఆవిడ చెప్పిన ముక్కను నిడివి ఎక్కువైందని కోసేశాను. ప్రదర్శనలో చప్పట్లు మోగాయి. మరుసటి సీజనుకు ఆవిడను పనిలోకి పిలవలేదు. తెలిసి వెళితే, మంచినీళ్లిచ్చి, “ఒక్కసారి నాకు చూపించి ఉంటే ఆ మిగతా మాట కూడా పెట్టమనేదాన్ని గదయ్యా” అన్నది. తిట్టినా బాగుండేది.

1968లో అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ ఆకలిపై ప్రసారం చేసిన డాక్యుమెంటరీ దేశాన్ని కదిలించింది. కొద్ది నెలలకే సెనేట్‌లో పోషకాహారంపై ప్రత్యేక సంఘం ఏర్పడింది. అయినా, ఆకలితో చనిపోతున్నట్టు మొదట్లో చూపిన పసికందు నిజానికి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అని తేలడంతో, మార్పు గిట్టనివాళ్లు ఆ ఒక్క దృశ్యాన్నే పట్టుకున్నారు.

అందుకే సంతకం రెండుసార్లు తీసుకో: చిత్రీకరణకు ముందొకటి, తుది కూర్పును వాళ్ల పక్కనే కూర్చుని చూపించాక ఒకటి. వాళ్లు వద్దన్న ముక్క ఎంత బాగున్నా తీసెయ్. “అంత వ్యవధి ఎక్కడిది పెదనాన్నా” అంటావు. అన్నం చల్లారేదాకా ఆగలేక నోరు కాల్చుకున్న పిల్లవి, నాకు తెలియదా తల్లీ!

నా పాత ట్రైపాడ్ పంపుతున్నాను. ఒక కాలు బిగుసుకుపోయింది. కాస్త నూనె వేసి వాడుకో.