జైల్లో ఉన్నాయన క్రైస్తవుడు కాకపోతే ఆయన కుటుంబానికి చర్చి సాయం చేస్తుందా?

చేస్తుంది, బాప్తిస్మం తీసుకుంటేనే అన్న షరతు ఉండకూడదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో చెరసాలలో ఉన్నవాడి దగ్గరికి వెళ్తే తన దగ్గరికి వచ్చినట్టేనని యేసు చెప్పిన చోట, వాడి మతమేంటి, చేసిన నేరమేంటి అన్న లెక్కే లేదు. దేవరకొండ దగ్గరి తండా నుంచి ఒకామె నల్లగొండ జిల్లా జైలుకు ములాఖత్‌కు రావాలనుకోండి, ఆడవాళ్లకు బస్సు ఉచితమే అయినా ఆ రోజు కూలి పోతుంది, ఇంట్లో పిల్లల్ని చూసే దిక్కుండదు; సంఘం వాళ్లు ఆ పూట పిల్లలకు ఇంత అన్నం పెట్టి, నోటుపుస్తకాలు కొనిచ్చినా ఎంతో ఆసరా. పాస్టర్ చెబితే బెయిల్ వస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు, అది కోర్టు ఇవ్వాల్సిందే. లాయర్ కోసం మాత్రం అప్పు చేయకండి: 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.