బిల్లులో ఎమ్మార్పీ కన్నా ఎక్కువ పడితే?

ప్రశ్న: ప్యాకెట్ మీద ఎమ్మార్పీ రూ.90. సూపర్‌మార్కెట్ బిల్లులో రూ.95 పడింది. ఇంటికొచ్చాక చూశాను. ఆ డబ్బు వెనక్కి ఇస్తారా?

జవాబు: ఇచ్చి తీరాలి. ఐదు రూపాయలే కదా అని వదిలేయకండి. ఒకే బార్‌కోడ్ మీద పాత, కొత్త ధరల సరుకు కలిసి ఉన్నప్పుడు కంప్యూటర్ రెండు ధరలూ చూపిస్తుంది. క్యాషియర్ కొత్తది నొక్కితే ఇలాగే అవుతుంది. ప్యాకెట్ చించకండి. ధర, తయారీ తేదీ ఉన్న వైపును, బిల్లును ఫొటో తీసి, రెండూ పట్టుకుని కౌంటర్‌కు వెళ్లండి. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి ‘జీఎస్టీ వేరు’ అంటే ఒప్పుకోవద్దు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అంతకు మించి అమ్మకూడదు. కూపన్ ఇస్తామంటే వద్దని, డబ్బే అడగండి. ససేమిరా అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా తూనికలు కొలతల శాఖకు రాసివ్వండి.

షెల్ఫ్‌కు అంటించిన ఆఫర్ చీటీలోని ధర కన్నా ఎక్కువ పడినా, ఎమ్మార్పీ దాటకపోతే ఈ నిబంధన అక్కరకు రాదు. అప్పుడు ఆ చీటీ ఫొటోయే మీకు ఆధారం.