మయస్తీనియా యాంటీబాడీ టెస్ట్ నెగెటివ్ వస్తే జబ్బు లేనట్టేనా?

లేనట్టు కాదు. మయస్తీనియా అంటే వాడేకొద్దీ కండరాలు అలసిపోయి నీరసించే జబ్బు. మా అమ్మకు నెగెటివే వచ్చింది. ఆవిడ ఇప్పటికీ మయస్తీనియా మందులే వాడుతోంది.

అమ్మకు పొద్దున్నంతా బాగానే ఉండేది. సాయంత్రమయ్యేసరికి ఎడమ కంటి రెప్ప వాలిపోయేది, టీవీలో ఒక్కో మనిషీ ఇద్దరుగా కనబడేవారు. రాత్రి సగం అన్నం నమిలేసరికి దవడ అలసిపోయి కంచం పక్కకి నెట్టేసేది. మొదట చూపించిన చోట రక్తం తీసి వేరే ఊరి ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు నెగెటివ్. "వయసు, టెన్షన్" అని బలం మాత్రలు రాసి పంపేశారు. ఆడవాళ్లు ఏ బాధ చెప్పుకున్నా టెన్షన్ ఖాతాలో వేసేయడం మీద నాకు ఇప్పటికీ మంటే.

తర్వాత చూసిన న్యూరాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి అమ్మను రెప్ప వేయకుండా పైకి చూడమన్నారు. కాసేపటికే రెప్ప జారిపోయింది. చేతి గ్లవ్‌లో ఐసు ముక్కలు వేయించి, మూసిన కంటి మీద రెండు నిమిషాలు ఉంచారు. తీయగానే రెప్ప లేచి నల్లగుడ్డు మొత్తం కనబడింది. "బరువు దిగిపోయిందండీ" అంది అమ్మ. "టెన్షన్ అయితే ఐసుకి తగ్గదమ్మా" అన్నారాయన. తర్వాత భుజం దగ్గర నరానికి కరెంటు పెట్టి చేసే పరీక్షలో జబ్బు ఖరారైంది. ఛాతీకి సీటీ కూడా తీయించారు, రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమోనని; ఈ జబ్బున్న కొందరికి అది ఉంటుంది.

ఈ రక్తపరీక్ష దండగని నేననను. అందులో వెతికే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ (నరం నుంచి కండరానికి సందేశం అందే చోటును దెబ్బతీసేది) పాజిటివ్ వస్తే జబ్బు దాదాపు ఖాయం. కానీ ఒళ్లంతా పాకిన మయస్తీనియాలో సుమారు 85 శాతం మందికే అది కనబడుతుంది. కళ్లకే పరిమితమైతే సగం మందికి మాత్రమే. మిగతావాళ్లలో కొందరికి 2001లో కనుక్కున్న మస్క్ (MuSK) అనే మరో యాంటీబాడీ ఉంటుంది. అమ్మకు అదీ నెగెటివే. అయినా పిరిడోస్టిగ్మిన్ అనే మయస్తీనియా మందు మొదలుపెట్టాక కంచం ఖాళీ చేసి లేచింది. నా లెక్కలో సాయంత్రం పూట చూడని డాక్టరు ఈ జబ్బును సగమే చూసినట్టు.

కాబట్టి రెప్ప వాలినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి, రిపోర్టు కంటే ముందు అది చూపించండి. జలుబుకో జ్వరానికో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా మయస్తీనియా అనుమానం ఉందని చెప్పండి. సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో నీరసం ముదిరి, ఊపిరి అందని దాకా వెళ్లొచ్చు. మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.