పోర్టో వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

దేశదేశాల డాక్టర్ల సంఘాలు కలిసే వరల్డ్ మెడికల్ అసోసియేషన్ జనరల్ అసెంబ్లీకి పోర్చుగల్‌లోని పోర్టో వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. రాత్రంతా నిద్ర లేదు. సగం సంతోషం, సగం టెన్షన్. మీ పెద్దమ్మ వీధంతా చాటేసి, ఆ తర్వాత తీరిగ్గా "పోర్టో ఎక్కడండీ?" అంది.

వీసా కాగితాలు రెండు సెట్లు జిరాక్స్ తీయించు. థైరాయిడ్ మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. అక్కడ అక్టోబరులో వానలు, వీధులన్నీ ఎత్తుపల్లాలు. కొత్త చెప్పులు వద్దు.

అసెంబ్లీ రోజుకి చేరితే చాల్లే అనుకోకు. కాగితాలన్నీ ముందు కమిటీల్లో, కౌన్సిల్లో నలుగుతాయి. మీ జూనియర్ డాక్టర్ల నెట్‌వర్క్ కూడా ముందే కూర్చుంటుంది. కమిటీల వాళ్లు ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు. మనుషుల మీద వైద్య పరిశోధనకి నీతి నియమాలు చెప్పే 1964 నాటి హెల్సింకి డిక్లరేషన్‌లో పరిశోధనకి ఒప్పుకున్న మనుషుల్ని 'సబ్జెక్టులు' అనేవాళ్లు. 'పార్టిసిపెంట్లు' అని మార్చడానికి 2024 దాకా పట్టింది!

2009 అక్టోబరులో ఈ సభ ఢిల్లీలో జరిగింది. నేను వెనక వరుసలో పరిశీలకుణ్ణి, ఓటు లేదు. వాతావరణ మార్పు, ఆరోగ్యం మీద ఢిల్లీ డిక్లరేషన్ అక్కడే వచ్చింది. దాని గురించి చెప్పడానికి నా దగ్గర సంగతి ఉంది. 2003 ఎండల్లో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు కదా. మా ఆసుపత్రి వార్డులో ఐసు అయిపోతే సోడా బండి దగ్గర అడిగి తెచ్చాం. ఇటుక బట్టీ నుంచి వచ్చినావిడ ఒకామె, ఒళ్లు పెనంలా కాలిపోతోంది, "కూలి డబ్బులు కొంగున ముడేశాను, పోకుండా చూడు బాబూ" అంది. సాయంత్రానికి లేదు. ఆ ముడి నేనే విప్పి ఆమె కొడుక్కిచ్చాను.

ఇదంతా రెండు పేజీలు రాసుకెళ్లాను. టీ విరామంలో ఆ ముసాయిదా గురించే మాట్లాడుకుంటున్న వాళ్లు నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. వెళ్లలేదు. మీ పెద్దమ్మకి చీర కొనాలంటూ కరోల్‌బాగ్ వెళ్లిపోయాను. చీర పిచ్చిలో పడి అవకాశం పోగొట్టుకున్నానని పదహారేళ్లుగా అందరికీ నవ్వుతూ చెప్తున్నాను. అబద్ధం. నా ఇంగ్లీషు వింటే నవ్వుతారని భయపడ్డాను. డిక్లరేషన్ ఆమోదించినప్పుడు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, జేబులో ఆ రెండు పేజీలు అలాగే ఉన్నాయి.

నేను చెబితే అందులో అక్షరం మారేదని కాదు. ఆమె సంగతి అక్కడ ఒక్కరి చెవినైనా వేయలేకపోయాను.

నువ్వూ నా పోలికే, కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక దాక్కునేదానివి. మీ హౌస్ సర్జన్ల నైట్ డ్యూటీల గురించి నాకు ఫోన్లో గంటసేపు తిట్టిపోశావే, అదే అక్కడ చెప్పు. తప్పుల ఇంగ్లీషైనా పర్వాలేదు, అక్కడ సగం మందిది మనలాంటి ఇంగ్లీషే.

ఈ ఉత్తరం పెద్దమ్మకి చూపించకు. చీర సంగతి నేనే చెప్తాను. దిగగానే మెసేజ్ పెట్టు, అర్ధరాత్రయినా సరే.

మీ పెదనాన్న