పక్కింటివాళ్లు పెట్టిన చీటీ, రోజంతా ఏడ్చే కుక్కపిల్ల

"సిడ్నీ వచ్చి ఏడు నెలలైంది అక్కా. వెంట్‌వర్త్‌విల్‌లో అద్దెకుంటున్నాం. పిల్లలు పట్టుబడితే కవూడుల్ జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నాం. మేమిద్దరం ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్లాక అది రోజంతా ఏడుస్తోందట. రాత్రి పెరట్లో వదిలితే ఆపకుండా మొరుగుతోంది. నిన్న పక్కింటివాళ్లు లెటర్ బాక్సులో చీటీ పెట్టారు, ఇలాగే ఉంటే కౌన్సిల్‌కు (ఇక్కడి మున్సిపాలిటీకి) చెబుతామని. కుక్కను పట్టుకుపోతారా? వీసాకు ఏమైనా ఇబ్బందా? షాక్ కాలర్ (మొరిగితే కరెంటు తగిలించే మెడపట్టీ) వేస్తే రెండు రోజుల్లో నోరు మూస్తుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఇది కౌన్సిల్ చూసే విషయం, వీసాతో దీనికి సంబంధం లేదు. ఆ చీటీ పెట్టినవాళ్లు మీకు మేలే చేశారు. నేరుగా కౌన్సిల్‌కు ఫోన్ చేయకుండా ముందు మీకు చెప్పారు. పన్నెండేళ్ల కిందట మా ఇంటికీ ఇలాంటి చీటీ ఒకటి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కాబట్టి మీ పరిస్థితి నాకు తెలుసు.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో రెండు మాటల్లో చెబుతాను. సిడ్నీ ఉన్న మన రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో కుక్కల సంగతి 1998 నాటి కంపానియన్ యానిమల్స్ చట్టం కిందికి వస్తుంది. కుక్క అన్నాక మొరుగుతుంది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ మోత ఆగకుండా సాగి పక్కవాళ్ల ప్రశాంతతను చెడగొడుతుంటేనే అది న్యూసెన్స్. ఫిర్యాదు చేసినవాళ్లను కౌన్సిల్ మామూలుగా ఒక డైరీ రాయమంటుంది, ఏ రోజు ఎన్ని గంటలకు ఎంతసేపు మొరిగిందని. అది నిజమని తేలితే మీకు ముందుగా నోటీసు ఇస్తుంది. అభ్యంతరం చెప్పుకోవడానికి 7 రోజులు ఉంటాయి. ఆ తర్వాతే ఆర్డరు. అది 6 నెలలు అమల్లో ఉంటుంది, ఆ లోపు మళ్లీ అదే జరిగితే జరిమానా. ఈ చీటీ చూసి వచ్చి కుక్కను ఎవరూ పట్టుకుపోరు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), రిజిస్ట్రేషన్ మాత్రం సరిగ్గా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. కుక్కపిల్లకు 12 వారాలు వచ్చేసరికి చిప్, 6 నెలలకు రిజిస్ట్రేషన్ అయిపోవాలి.

అద్దె ఇంట్లో కుక్క ఉన్నట్టు ఓనరుకు చెప్పారా? చెప్పకపోతే అదీ తేల్చుకోండి. 2025 మే 19 నుంచి రూలు మారింది. మీరు రాతపూర్వకంగా అడిగితే ఓనరు 21 రోజుల్లో జవాబివ్వాలి, చట్టంలో ఉన్న కారణాలు తప్ప ఊరికే కాదనడానికి లేదు. దాచిపెట్టి భయపడుతూ బతకాల్సిన పని లేదు.

ఇక కుక్క సంగతి. మన ఊళ్లో వాకిట్లో కుక్క మొరిగితే మనం సంతోషిస్తాం. ఎవరో వచ్చారని చెబుతోంది, దాని పని అది చేస్తోంది అనుకుంటాం. ఒక్కటే ఉందన్న మాట కూడా ఉండదు, వీధిలో దానికి తోడు పది కుక్కలు, అరుగు మీద మనుషులు. ఇక్కడ అదే ప్రాణిని నాలుగు గోడల మధ్య తొమ్మిది గంటలు ఒంటరిగా వదిలేస్తాం. ఇక్కడి వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే ఒక్క మొరుగుడు ఆరిళ్ల అవతలికి వినిపిస్తుంది. ఆ తేడా మనకు వెంటనే తెలియదు.

అది ఎందుకు అరుస్తోందో కనుక్కోకుండా ఏ ఉపాయమూ పనిచేయదు. మీరు లేనప్పుడు ఏం జరుగుతోందో చూడాలి. పాత ఫోన్ ఒకటి పుస్తకాల షెల్ఫులో పెట్టి, వీడియో ఆన్ చేసి, రోజూ వెళ్లినట్టే ఆఫీసుకు వెళ్లండి. మేము అలా పెట్టి చూసుకున్నది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కారు గరాజ్ దాటగానే మా కుక్క చిట్టి తలుపు దగ్గరికి వెళ్లి, చెవులు నిక్కించి నాలుగు నిమిషాలు కదలకుండా నిలబడింది. తర్వాత సన్నగా కుంయ్‌మంది. తలుపు కింద సందులో ముక్కు పెట్టి వాసన చూసింది. ముందు కాళ్లతో గీరింది. తర్వాత తల పైకెత్తి ఏడ్చిన ఏడుపు, మా పక్కింటావిడ రోజూ విన్న ఏడుపు అదే. సాయంత్రం తలుపు ముందు నేల తడిగా ఉంటే నీళ్లు ఒలికాయనుకునేదాన్ని. అది దాని నోటి చొంగ.

అల్లరికీ భయానికీ తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పెట్ షాపుల్లో కాంగ్ అని రబ్బరు బొమ్మ దొరుకుతుంది. దాన్లో ఉడికించిన చికెన్ పీచులు, ఉప్పూ పోపూ లేని పెరుగన్నం కూరి, ఫ్రీజర్లో గడ్డకట్టించి వెళ్లేటప్పుడు ఇవ్వండి. అరగంట నాకి నాకి ఖాళీ చేసి పడుకుంటే దానికున్నది విసుగు. పొద్దున మంచి నడక, నములుకోవడానికి ఏదో ఒకటి ఉంటే చాలా వరకు తగ్గుతుంది. సాయంత్రం మీరు వచ్చేదాకా దాన్ని ముట్టకుండా, మీరు రాగానే తినడం మొదలుపెడితే మాత్రం అది భయం. భయపడే ప్రాణికి ముద్ద దిగదు. (కూరన్నం కలిపి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఇక్కడి మకడేమియా గింజలు కుక్కలకు పడవు. పీనట్ బటర్ కొంటే డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసి కొనండి, అది కుక్కకు ప్రాణాంతకం.)

భయమైతే ఓపిక కావాలి. మీరు వెళ్లబోతున్నారని కుక్కకు ముందే తెలిసిపోతుంది. తాళాల చప్పుడు, బూట్లు, లంచ్ బ్యాగ్. రోజుకు పదిసార్లు తాళాలు చేతిలోకి తీసుకుని మళ్లీ సోఫాలో కూర్చోండి. బూట్లు వేసుకుని వంటింట్లోకి వెళ్లండి. వాటికి భయపడడం మానేశాక తలుపు దాటి పది సెకన్లు ఉండి లోపలికి రండి. తర్వాత ముప్పై, తర్వాత రెండు నిమిషాలు. అది ఏడుపు మొదలుపెట్టక ముందే తిరిగి రావాలి, కిటుకంతా అందులోనే ఉంది. మాకు నలభై నిమిషాలు దాటడానికి ఐదు వారాలు పట్టింది. ఆ మాట పక్కింటావిడకు ముందే చెప్పాను కాబట్టి ఆవిడ ఓపిక పట్టింది. ఈ వారాల్లో కుక్కను రోజంతా ఒంటరిగా వదిలితే పొద్దున నేర్పింది సాయంత్రానికి పోతుంది. మీరిద్దరూ వంతులవారీగా ఇంటి నుంచి పనిచేయండి, వారంలో రెండు రోజులు డాగీ డేకేర్ (పగలు కుక్కల్ని చూసుకునే చోటు), లేదంటే ఇంట్లోనే ఉండే తెలిసిన అక్కో పిన్నో దగ్గర. డబ్బు ఖర్చే, కాదనను.

అయినా తగ్గకపోతే, తలుపులు కొరికి పళ్లు విరగ్గొట్టుకునేంత భయం ఉంటే, వెట్‌కు (పశువుల డాక్టరుకు) ఆ వీడియో చూపించండి. క్లోమిప్రమిన్ లాంటి మందులు ఇందుకోసమే ఉన్నాయి. కుక్కకు మానసిక మందు ఏంటి, విడ్డూరం అని ఊళ్లో అత్తయ్య అంటారు. మావారి అక్కయ్య అలాగే అన్నారు. కానీ భయంతో వణికేదాన్ని ఊరికే చూస్తూ ఉండడం పాపం కాదా చెప్పండి. అసలు కొత్తగా మొదలైన అరుపు ఏదైనా వెట్ దగ్గర ఒకసారి చూపించడం మంచిది. చెవి నొప్పి, పంటి నొప్పి, ముసలి కుక్కల్లో చెవుడు, మతిమరుపు కూడా అరుపుగానే బయటికి వస్తాయి.

మీరు ఇంట్లో ఉన్నప్పుడు మీ కాళ్ల దగ్గర కూర్చుని కుంయ్ కుంయ్‌మనేది వేరే రకం. అది మనమే నేర్పుతాం. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. అమ్మ టీ తాగుతుంటే చిట్టి మూలిగేది. "పాపం, నోరు లేని జీవం" అని మారీ బిస్కెట్ విరిచి పెట్టేది. వారంలో అది టీ కప్పు చప్పుడుకే మూలగడం మొదలెట్టింది. పెట్టొద్దంటే అమ్మ చిన్నబుచ్చుకుంది. అప్పుడు ఒక దారి చెప్పాను: "పెట్టమ్మా, కానీ అది నోరు మూసుకుని చాప మీద కూర్చున్నాకే పెట్టు." అమ్మకు అది నచ్చింది, పెట్టే చెయ్యి ఆగలేదు కదా. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. పెట్టడం మానిన మొదటి మూడు నాలుగు రోజులు మూలుగు ఇంకా పెరుగుతుంది. అప్పుడు విసిగిపోయి ఒక్కసారి బిస్కెట్ ఇచ్చారా, ఇంకా గట్టిగా అరిస్తే దొరుకుతుందని దానికి నేర్పినట్టే.

రాత్రి మొరుగుడుకు మీ ఇంట్లో కారణం బహుశా పాసమ్, పిల్లంత ఉండే ఇక్కడి చెట్ల జంతువు. పగలంతా చెట్టు తొర్రలోనో ఇంటి కప్పులోనో పడుకుని, చీకటి పడ్డాక కంచె మీద వంతెన దాటినట్టు నడుచుకుంటూ పోతాయి. కింద కుక్క పిచ్చెక్కిపోతుంది. వాటికి ఇక్కడ చట్టరక్షణ ఉంది, తరమడం, పట్టడం మన పని కాదు. కుక్కను రాత్రి ఇంట్లోకి తెచ్చుకోండి, అంతే. పూజగది ఉంది, ఇంట్లో కుక్కేమిటి అని మీ వాళ్లకు అనిపిస్తే లాండ్రీ గదిలోనో హాల్లో ఒక మూలనో పడక వేసి, పూజగది వైపు బేబీ గేటు పెట్టండి. మేము చేసింది అదే. తెల్లవారుజామున కాకటూలు (ఇక్కడి పెద్ద చిలుకలు) అరిచినా లోపలున్న కుక్కకు అంతగా పట్టదు.

పోస్టీ (పోస్ట్‌మాన్) బండి చూసి మొరగడం గురించి కూడా అడిగేవాళ్లు ఉంటారు. అది మొరుగుతుంది, పోస్టీ వెళ్లిపోతాడు. తన అరుపుకే వెళ్లిపోయాడని దాని నమ్మకం, రోజూ గెలుస్తూనే ఉంటుంది. వీధి వైపు కిటికీ అద్దానికి కింది సగం వరకు మసక ఫిల్మ్ అంటించండి. మీరు ఇంట్లో ఉన్న రోజు బండి చప్పుడు వినగానే, అది నోరు తెరవకముందే, చికెన్ ముక్క ఒకటి వేయండి. కొన్నాళ్లకు బండి వినగానే అది మీ ముఖం చూస్తుంది.

షాక్ కాలర్ జోలికి వెళ్లకండి. న్యూ సౌత్ వేల్స్‌లో కుక్క మెడకు అది వేయడం చట్టవిరుద్ధం, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అని మోసపోకండి. చట్టం మాట పక్కన పెట్టినా, భయంతో ఏడుస్తున్న పిల్లకు ఏడ్చినప్పుడల్లా కరెంటు పెడితే దాని భయం రెట్టింపవుతుంది. నోరు మూసినా తలుపు గీరడం, తోక కొరుక్కోవడం మొదలుపెడుతుంది. మీ ఫ్రెండ్‌కు కూడా ఈ మాట చెప్పండి.

ఈ శనివారం పొద్దున పది గంటలప్పుడు మీరిద్దరూ కలిసి పక్కింటి తలుపు తట్టండి. పండో స్వీటో ఏదో ఒకటి చేతిలో పెట్టుకెళ్లండి. సాకులు చెప్పకండి. "మా కుక్క వల్ల ఇబ్బంది పడ్డారు, సారీ. ఫోన్ పెట్టి చూశాం, మేము వెళ్లాక భయంతో ఏడుస్తోంది. నేర్పిస్తున్నాం, రెండు నెలలు పట్టొచ్చు. రాత్రిళ్లు ఇక లోపలే ఉంచుతాం. ఏ టైంలో ఎక్కువగా వినిపిస్తోందో మాకు మెసేజ్ పెడితే చాలా సాయం" అని చెప్పి మీ నంబరు ఇచ్చి రండి. మా పక్కింటావిడ మొదటి వారం నాకు పదకొండు మెసేజ్‌లు పెట్టింది. ఐదో వారంలో ఒక్కటే వచ్చింది: "ఇవాళ ఏమీ వినిపించలేదు, అది బాగానే ఉంది కదా?"